నక్షత్రములను చూచుటకు ఎట్టి దుర్భిణి కొనవలెను?

మన పూర్వవిద్యార్థులు కొందఱు తమలో తాము చందా వేసికొని పాఠశాలకొక దుర్భిణి కొనియిచ్చెదమని ఈ సంవత్సరము తెలియజేసిరి. వారి ఔదార్యమునకు మేము కృతజ్ఞులము. అయితే వారు పంపిన ఉత్తరములో, అయిదువందల రెట్లు పెద్దదిగా చూపు యంత్రము దొరకునా యని యడిగిరి. వారిలోనే యొకరు మోటారును కంప్యూటరును గల యంత్రమైననే కొనవలెనని పట్టుపట్టిరి. ఇంతలో జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి వచ్చి మన వసతిగృహమున నుండు పిల్లల తల్లిదండ్రులు ఇద్దఱు ముగ్గురు తమ పిల్లల కొఱకు ఎట్టిది కొనవచ్చునని మమ్మడిగిరి. ఒక్కొక్కరికి వేఱువేఱుగా వ్రాయుటకంటె ఈ సంచికలో వ్రాయుట మేలని తలచితిమి. ఈ విషయమున మాకు గల యెఱుకలో సగము పుస్తకములవలన వచ్చినది. తక్కిన సగము మేము చేసిన యొక తప్పువలన వచ్చినది. ఆ తప్పునే మొదట చెప్పెదము.

2022వ సంవత్సరమున పిల్లలు కూడబెట్టిన డబ్బుతో మేమొక దుర్భిణి కొంటిమి. పెట్టెమీద శనిగ్రహము, రంగురంగుల నీహారికలు అచ్చువేయబడియుండెను. "525 రెట్లు" అని పెద్ద అక్షరములతో వ్రాసియుండెను. ఆ డిసెంబరు మాసమున సాయంకాలము ఆకాశమున బృహస్పతి చక్కగా వెలుగుచుండెను. వసతిగృహపు డాబామీద దుర్భిణి నిలిపి, ఉన్నవానిలో మిక్కిలి చిన్న కంటి కటకమును తగిలించి, గ్రహమును మధ్యకు తెచ్చి, పిల్లలను వరుసగా రమ్మంటిమి. మొదటి పిల్లవాడు "చూచితిని సార్" అనెను. రెండవవాడును అట్లే యనెను. పదమూడేండ్ల బాలిక యొకతె కన్నుపెట్టి, "ఏమీ లేదు సార్, నల్లగ ఉన్నది" అనెను. సరిగా చూడుమని మేము కొంచెము గట్టిగానే చెప్పితిమి. ఆమె మరల చూచి, వెనుక నిలిచినవారి వైపు ఒకసారి తిరిగి, "కనబడ్డది సార్" అని దిగిపోయెను.

వారము దినములైన తరువాత ఆమె తండ్రి వచ్చెను. ఆయన కూలిపని చేయువాడు. ఒకనాటి కూలి మానుకొని వచ్చెను. అందఱికిని కనబడినది తనకు మాత్రము కనబడలేదు గనుక తన కన్నులు చెడిపోయినవని బిడ్డ ఇంటికి కబురు చేసినదట. ఆయన ఆమెను హనుమకొండకు తీసికొనిపోయి కంటి వైద్యునకు చూపించెను. కన్నులలో ఏ లోపమును లేదని వైద్యుడు చెప్పెను. ఆ రాత్రి మేము ఒంటరిగా డాబా మీదికి పోయి, గ్రహమును మధ్యకు తెచ్చి, గొట్టమును ముట్టక, గడియారము చూచుచు నిలిచితిమి. అరనిమిషములో బృహస్పతి అంచును దాటి మాయమయ్యెను. బాలికకు కనబడినది నల్లని ఆకాశమే. ఆమె చెప్పినదే నిజము. ఆమె ముందువారు ఏమి చూచిరో మేమిప్పటికిని అడుగలేదు.

బోధనాభ్యసన కళాశాలలో కటకసూత్రములు నేర్చి, ఏండ్ల తరబడి నల్లబల్లమీద కిరణరేఖలు గీసిన మాకు ఈ లెక్క తోచకపోవుట సిగ్గుచేటు. లెక్క యిది. దుర్భిణి ఎన్ని రెట్లు పెద్దదిగా చూపునో తెలిసికొనుటకు ముందటి కటకపు నాభ్యంతరమును కంటి కటకపు నాభ్యంతరముతో భాగింపవలెను. మా దుర్భిణి నాభ్యంతరము 700 మిల్లీమీటర్లు. మేము పెట్టిన కంటి కటకము 4 మిల్లీమీటర్లు. కావున 175 రెట్లు. అట్టి కంటి కటకము తన లోపల సుమారు 40 అంశల వెడల్పు చూపును. దానిని 175తో భాగించిన యెడల ఆకాశములో మనకు కనబడు తునక పావు అంశకంటె తక్కువ. భూమి తిరుగుచున్నది గదా. ఆకాశము నాలుగు నిమిషముల కొక అంశ జరుగును. పావు అంశ జరుగుటకు నిమిషము చాలును. మధ్యనుండి అంచునకు పోవుటకు అరనిమిషము చాలును. రెట్లు పెరిగినకొలది కనబడు తునక కుంచించుకొనిపోవును, వెలుగు పలుచబడును, ముక్కాలిపీట వణకు కూడ అన్ని రెట్లు పెద్దదగును. ఆ పెట్టెతో మూడు రెట్లు పెంచు మఱియొక కటకమును ఇచ్చిరి. 175ను మూడుచేత గుణింపగా 525 వచ్చును. పెట్టెమీది అంకె అబద్ధము కాదు, గుణకారము సరియైనదే. అయితే ఆ గుణకారమువలన కంటికి కలిగిన ప్రయోజనము మాత్రము లేదు.

ఎందువలన ననగా, దుర్భిణి చేయు మొదటి పని పెద్దదిగా చూపుట కాదు, వెలుగును కూర్చుట. వానకాలమున వాకిట గిన్నె పెట్టినచో కొన్ని నీళ్లు పడును. గంగాళము పెట్టినచో ఎక్కువ పడును. నక్షత్రమునుండి వచ్చు వెలుగు వానవంటిది, దుర్భిణి మూతి పాత్రవంటిది. ఆ మూతి అడ్డుకొలతయే ముఖవ్యాసము. మన కనుపాప చీకటిలో 7 మిల్లీమీటర్ల దాక విచ్చుకొనును. మావంటి నలువది దాటినవారికి అంతకంటె తక్కువయే. వెలుగు వ్యాసపు వర్గమునుబట్టి పెరుగును. 60 మిల్లీమీటర్ల కటకము పడుచువాని కన్నుకంటె సుమారు 73 రెట్లు వెలుగును కూర్చును. 150 మిల్లీమీటర్లది, అనగా ఆఱంగుళములది, సుమారు 460 రెట్లు కూర్చును. వ్యాసము రెండున్నర రెట్లు. వెలుగు ఆఱుంబావు రెట్లు. ధర యడుగుటకు ముందు దుకాణదారుని ముఖవ్యాస మెంతయని యడుగవలెను. రెట్లనుగూర్చి మొదట చెప్పువానిని కొంచెము అనుమానింపవలెను.

ముఖవ్యాసమువలన రెండవ లాభము, దగ్గఱగా నున్న రెండు చుక్కలను విడదీసి చూపుట. అంశలో అఱువదవ వంతు కళ, కళలో అఱువదవ వంతు వికల. 116ను మిల్లీమీటర్ల ముఖవ్యాసముతో భాగింపగా వచ్చు సంఖ్య ఎన్ని వికలలో, అంత యెడముగల జంటచుక్కలను ఆ దుర్భిణి విడదీయగలదు. 60 మిల్లీమీటర్లకు ఇది దాదాపు రెండు వికలలు. 150కి ముప్పాతిక వికల. ఇంతకంటె సూక్ష్మమైన వివరము ఆ గొట్టములోనికి రానేరాదు. రాని వివరమును ఎన్ని రెట్లు పెంచిన నేమి? అందుచేత మిల్లీమీటరునకు రెండు రెట్లకు మించి పెంచరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు. 60 మిల్లీమీటర్లకు 120 రెట్లు హద్దు. అదియు గాలి నిలుకడగా నున్న రాత్రియే. పెద్ద దుర్భిణులకును గాలి యడ్డు కలదు గాన, మన ప్రాంతములో నూటయేబది, రెండువందల రెట్లకు మించి ఉపయోగపడు రాత్రులు తక్కువ.

చిన్న సాధనముతో ఏమి చేయగలమని నిరుత్సాహపడనక్కఱలేదు. 1610 జనవరిలో గెలీలియో బృహస్పతి ఉపగ్రహములను చూచినపుడు ఆయన యొద్దనున్నది సుమారు ఇరువది రెట్లు చూపు గొట్టము మాత్రమే. 1781 మార్చి 13న ఇంగ్లండులోని బాత్ పట్టణమున విలియం హెర్షెల్ అను సంగీతోపాధ్యాయుడు తన యింటి తోటలోనుండి యురేనసు గ్రహమును కనుగొనెను. ఆయన ఆ ఊరి యొక ప్రార్థనాలయములో ఆర్గను వాయించువాడు. దుర్భిణి అద్దమును స్వయముగా అరగదీసికొనెను. దాని వెడల్పు ఆఱంగుళములకు కొంచె మెక్కువ. ఈనాడు మనము పాఠశాలకు కొనదలచిన దానికంటె అది చాల పెద్దది కాదు.

మన తెలుగువారిలోను ఇట్టివారు కలరు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో తమ సొంత వేధశాలను నెలకొల్పిరి. వారి తరువాత వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపిరి. వీరు ఆఱంగుళముల కుక్ దూరదర్శినిని తెప్పించి, 1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. 1868 ఆగస్టు 18నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరునకును, మద్రాసు వేధశాలాధిపతి పాగ్సన్ మచిలీపట్టణమునకును వచ్చిరి. హీలియము అను వాయువును మానవుడెఱుగుటకు దారితీసిన పసుపుపచ్చని గీత ఆనాటి పరిశీలనలలో కనబడినది.

మనకు మఱి దగ్గఱిది హైదరాబాదులోని నిజామియా వేధశాల. నవాబు జఫర్ జంగు 1901లో ఫిసల్‌బండలో దీనిని తన సొంత ముచ్చటకై స్థాపించెను. ఆయన మరణానంతరము 1908లో నిజాము ప్రభుత్వము స్వీకరించి బేగంపేటకు మార్చెను. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయము క్రిందికి వచ్చెను. అందు రెండు ముఖ్య సాధనములుండెను: పదునైదంగుళముల గ్రబ్ దూరదర్శిని యొకటి, ఎనిమిదంగుళముల కుక్ ఛాయాచిత్ర దూరదర్శిని యొకటి. సందర్శకులు మొదటిదానిని చూచి ఆశ్చర్యపడెడివారు. కాని ప్రపంచములోని కొన్ని వేధశాలలు ఆకాశమును పంచుకొని పటము తయారుచేసినపుడు, దక్షిణ క్రాంతి 17 నుండి 23 అంశలవఱకుగల పట్టీని హైదరాబాదువారు ఆ చిన్నదానితోనే ఛాయాచిత్రములు తీసి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను కొలిచిరి. ఆ వేధశాలలో పనిచేసిన యొక సహాయకుని కుమారుడే వైణు బప్పు. ఆయన 1949లో హార్వర్డులో నుండగా కనుగొనిన తోకచుక్కకు ఆయన పేరు కలదు. తరువాత రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూరులో 48 అంగుళముల దర్పణ దూరదర్శినిని నిలిపిరి; 1980 ఫిబ్రవరి 16నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును శాస్త్రజ్ఞులు అచ్చటినుండి పరిశీలించిరి.

ఇక కొనుట మాట. దుర్భిణులు ముఖ్యముగా రెండు తెగలు. ముందు కటకమున్నది వక్రీభవన దూరదర్శిని; అడుగున పుటాకార దర్పణమున్నది పరావర్తన దూరదర్శిని. కటకములోగుండ పోవునపుడు ఒక్కొక్క రంగు ఒక్కొక్కచోట కేంద్రీకరించును గనుక చవుక కటకములలో చంద్రుని అంచున ఊదారంగు గీత కనబడును. ఆ దోషము లేని కటకములు కలవుగాని వాని వెల ఉపాధ్యాయుల జీతములకు అందదు. దర్పణమున కా దోషము లేదు. అద్దమునకు ఒక్క ముఖమును మాత్రమే సానపెట్టవలెను గనుక అదే సొమ్మునకు ఎక్కువ వెడల్పు దొరకును. న్యూటను 1668లో తొలి దర్పణ దూరదర్శినిని చేసినది రంగుల దోషమును తప్పించుకొనుటకే. లోపమేమనగా, ప్రయాణములో కుదిపిన అద్దముల వరుస తప్పును. వానిని మరల సరిపెట్టుట నేర్చుకొనవలెను. అది హార్మోనియమునకు శ్రుతి చూచుటకంటె కష్టము కాదు.

మేము గ్రహించిన దేమనగా, దుర్భిణి బాగోగులలో సగము దాని పీటలోనున్నవి. మా 525 రెట్ల గొట్టము అంత చెడ్డది కాదు. దాని క్రింది ముక్కాలిపీట వెదురు నిచ్చెనవలె ఊగెడిది. కొనుటకు ముందు గొట్టమును వ్రేలితో మెల్లగా తట్టి, కనబడు వస్తువు ఎన్ని లెక్కలలో కుదుటబడునో చూడుడు. మూడు లెక్కపెట్టులోపల నిలిచిన మేలు. పది దాటిన వలదు. భూమధ్యరేఖీయపీట యని ఒక తీరు కలదు. దాని యొక ఇరుసును ధ్రువనక్షత్రమువైపు త్రిప్పినచో, ఒక్క మీటను త్రిప్పుటచేతనే నక్షత్రమును వెంబడింపవచ్చును. ఛాయాచిత్రములు తీయువారికి అది యవసరము. కాని మన జనగామ, మహబూబాబాదులు ఉత్తర అక్షాంశము సుమారు 17½ అంశలయందును, భూపాలపల్లి 18½ అంశలలోపునను ఉన్నవి. ధ్రువుడు మనకు క్షితిజమునుండి చేయిచాచిన రెండు పిడికిళ్లకంటె తక్కువ యెత్తున నుండును. చలిదేశములవారికై చేసిన పీటలు కొన్ని అంత క్రిందికి వంగవు. అట్టిది కొనదలచినవారు ఇరుసు 18 అంశలవఱకు దిగునా యని అడిగి తెలిసికొనవలెను.

పాఠశాలకును, మొదటిసారి కొనువారికిని మేము సిఫారసు చేయునది డాబ్సన్ పీటమీది దర్పణ దూరదర్శిని. జాన్ డాబ్సన్ కథ చెప్పక ముందుకు పోలేము. ఆయన 1915లో బీజింగులో జన్మించెను. సాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంతసంఘములో సన్యాసిగా చాలకాలముండెను. చేతిలో డబ్బులేక, ఓడల గుండ్రని కిటికీలకు వాడు గాజుబిళ్లలను తెచ్చి సానపెట్టి అద్దములు చేసెను; గొట్టమునకు అట్టను, పీటకు చెక్కపెట్టెను వాడెను. మఠము విడిచిన తరువాత వీధుల మూలలలో నిలిచి, పోవువారిని పిలిచి చంద్రుని చూపెడివాడు. ఆయన 2014లో మరణించెను. ఆ చెక్కపెట్టె పీట నేలమీద బండరాయివలె కూర్చుండును. గొట్టమును చేతితో త్రోసిన కదలును, విడిచిన నిలుచును. మన వడ్రంగులు దానిని చూచి చేయగలరు. అద్దమును స్వయముగా అరగదీయుటయు సాధ్యమే. రెండు గాజుబిళ్లలు, కార్బొరండము పొడి, తుదకు మెఱుగుపెట్టుటకు కీలు కావలెను. అయితే ఉపరితలములో తప్పు మిల్లీమీటరులో పదివేలవ వంతునకు మించరాదు గనుక ఓర్పు చాల కావలెను. మనబోటి పాఠశాలలో పరీక్షల నడుమ ఆ పని పెట్టుకొనుమని మేము చెప్పము.

ఆఱంగుళముల ముఖవ్యాసమును 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరమును గల గొట్టము నాలుగడుగులుండును. 25 మిల్లీమీటర్ల కంటి కటకముతో 48 రెట్లు, 10 మిల్లీమీటర్లదానితో 120 రెట్లు వచ్చును. ఈ రెండు చాలు. దానిని మోటారు సైకిలుమీద తీసికొనిపోలేము, ఆటో కావలెను. కావున ఒక్క బిడ్డ కొఱకు కొను తల్లిదండ్రులు 114 లేక 130 మిల్లీమీటర్ల చిన్నదానిని తీసికొన మేలు. దానిని గట్టి బల్లమీద పెట్టవలెను. నులకమంచముమీద పెట్టరాదని వ్రాయుట కొందఱికి నవ్వు తెప్పించునేమో కాని, మేము కన్నులార చూచితిమి.

మోటారును కంప్యూటరును కోరిన మిత్రునకు సమాధానము చెప్పవలెను. ఆ యంత్రము అడిగిన నక్షత్రమువైపు తానే తిరుగునని విన్నాము, చూచితిమి కూడ. చాల బాగుగ నున్నది. కాని ఇచ్చు సొమ్ములో పెద్ద భాగము మోటారునకు పోయి అద్దము చిన్నదగును. విద్యుత్కోశములు అయిపోయిన రాత్రి యంత్రము మొండిది. మఱియు బృహస్పతి ఎక్కడనున్నదో యంత్రమునకు తెలిసి పిల్లలకు తెలియకుండుట మాకు నచ్చలేదు. ఆకాశమును పటముతో వెదకి కనుగొనుటలో పిల్లవాడు నేర్చుకొనునది, కనుగొన్న దానికంటె తక్కువది కాదు. వృద్ధులకును, వెలుగులు నిండిన పట్టణములో నుండువారికిని ఆ యంత్రము ఉపకరించును. వారిని మేము తప్పుపట్టము.

అంగడిలో చూడవలసిన మఱి కొన్ని గుర్తులు: కంటి కటకపు గొట్టము వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అనగా అంగుళముంబావు ఉండవలెను; 24.5 మిల్లీమీటర్లవి పాత కొలత, వానికి మంచి కటకములు దొరకుట కష్టము. గొట్టముమీద గుఱిచూపు చిన్న దుర్భిణి ప్లాస్టికు కటకముగలదైన, దానికంటె ఎఱ్ఱచుక్క గుఱి మేలు. ఇంటికి తెచ్చిన తరువాత ప్రకాశమైన నక్షత్రమును చూచి, స్పష్టతను కొంచెము తప్పించుడు. వెలుగు ఒకే కేంద్రముగల గుండ్రని వలయములుగా విచ్చుకొనినయెడల అద్దములు వరుసలోనున్నవి. ఒకప్రక్కకు ఒరిగినయెడల సరిపెట్టవలెను. బొమ్మ తలక్రిందుగా కనబడును. అది లోపము కాదు. ఆకాశములో తలక్రింది దేది?

అసలు మొదట కొనవలసినది దుర్భిణియే కాదని కొందఱు పెద్దలందురు. మేమును అట్లే నమ్ముదుము. 7×50 లేక 10×50 అను జంట దుర్భిణి, అనగా బైనాక్యులర్, తక్కువ సొమ్మునకు వచ్చును, జాతరకును పక్షులను చూచుటకును పనికివచ్చును. మొదటి అంకె రెట్లు, రెండవది ముఖవ్యాసము. 2023 జనవరిలో మేము ఒక మిత్రునియొద్ద 7×50 జంట దుర్భిణిని ఎరవు తెచ్చి, పైన చెప్పిన బాలికను పిలిచి, బావిగట్టుమీద మోచేతులాన్చి బృహస్పతిని చూడుమంటిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "పక్కన చిన్న చుక్కలున్నయి సార్, ఒకే గీత మీద" అనెను. ఎన్ని యున్నవో, ఏ ప్రక్క నున్నవో మేము ముందుగా చెప్పలేదు. కాగితముమీద గీయుమంటిమి. మేము పంచాంగపు పట్టికతో పోల్చగా మూడింటిని సరియైన చోటులలోనే గీచినది. ఆమె తండ్రికి ఆ కాగితమును పంపితిమి.

ఎచ్చటనుండి చూచుట యనునది ఎట్టిదానితో చూచుట యనుదానికి తీసిపోదు. భూపాలపల్లిలో బొగ్గుగనుల దీపములును చెల్పూరు విద్యుత్కేంద్రపు దీపములును ఆకాశమును తెల్లబరచును. మహదేవపూరు దాటి కాళేశ్వరమువద్ద గోదావరి యొడ్డునకు పోయిన పాలపుంత నేలకు దిగినట్లుండును. మహబూబాబాదు జిల్లాలో గూడూరు, కొత్తగూడ అడవిప్రాంతములు మంచివి. జనగామవారు పాలకుర్తి, బమ్మెర దిక్కునకు కొంతదూరము పోవలెను. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లున 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయమునకు ఎపిఫనీ, అనగా నక్షత్రమును వెంబడించి జ్ఞానులు వచ్చిన పండుగ, పేరు పెట్టబడినది. జనవరి 6వ తేది రాత్రి ఆ యావరణములో దుర్భిణి నిలుపవలెనని మాకు చాలకాలమునుండి కోరిక. నవంబరునుండి ఫిబ్రవరివఱకు మనకు మంచి కాలము. జూను నడుమనుండి సెప్టెంబరు చివరివఱకు మేఘములు. డాబామీద నిలుపుటకంటె నేలమీద నిలుపుట మేలు. పగలు కాగిన స్లాబు అర్ధరాత్రివఱకు వేడిని విడుచుచుండును. ఆ వేడిగాలిలో గ్రహము నీటిలోని నాణెమువలె ఆడును. దుర్భిణిని కూడ అరగంట ముందుగా బయట పెట్టి చల్లాఱనియ్యవలెను.

చూడవలసినవి చాల కలవు. చంద్రుని పున్నమినాడు చూడరాదు, అప్పుడు నీడలుండవు. సప్తమి, అష్టమి దినములలో వెలుగుచీకట్ల సరిహద్దున కొండల నీడలు పడును. మన పల్లెలలో పిల్లలకోడి యని పిలుచు కృత్తికలు జంట దుర్భిణిలో నిండుగా కనబడును. గొల్లకావడి యనబడు మూడు చుక్కల క్రింద మృగవ్యాధ నీహారిక మబ్బువలె నుండును. కృత్తికయు మృగశిరయు యోబు గ్రంథములో పేర్కొనబడినవని మన పిల్లలెఱుగుదురు. పెండ్లిలో చూపు అరుంధతీ వసిష్ఠులను దుర్భిణితో చూడుడు: వసిష్ఠుడు ఒక్కడు కాడు, 14 వికలల యెడముతో రెండు చుక్కలు. 60 మిల్లీమీటర్లదియు వానిని విడదీయును. లండనువారికి ఎన్నడును కనబడని అగస్త్యనక్షత్రము మనకు ఫిబ్రవరి రాత్రులలో దక్షిణమున ఇరువది అంశల యెత్తున వెలుగును. మేనెలలో దక్షిణమున ఒమేగా సెంటారి యను నక్షత్రగుచ్ఛము, జంట దుర్భిణిలో దూదిపింజవలెను, ఆఱంగుళములదానిలో చల్లిన ఉప్పువలెను కనబడును. శని వలయములకు ముప్పది రెట్లు చాలును. 2025లో ఆ వలయముల అంచు మాత్రమే మనవైపు తిరిగియుండుటచే సన్నని గీతవలె కనబడినవి. ఆ సంవత్సరము కొనినవారు దుర్భిణిని నిందింపవలదు, ఏటేట అవి విచ్చుకొనుచున్నవి.

సూర్యుని దుర్భిణితో ఎన్నడును చూడరాదు. రెప్పపాటులో కన్ను పోవును. కొన్ని పెట్టెలలో కంటి కటకమునకు బిగించు చిన్న నల్లగాజును "సూర్యుని కొఱకు" అని యిత్తురు. ఎండ యంతయు అచ్చట కేంద్రీకరించి ఆ గాజు వేడికి పగులును. మా పెట్టెలోని దానిని మేము సుత్తితో పగులగొట్టితిమి. మీరును అట్లే చేయుడు. పగటివేళ గుఱిచూపు గొట్టమునకు కూడ మూతవేసి యుంచవలెను.

వానకాలమున కటకములకు బూజు పట్టును. మూతలు వేసి, సిలికా జెల్ పొట్లములతో బిగువైన డబ్బాలో నుంచవలెను. అద్దమును చేతిగుడ్డతోగాని చీరకొంగుతోగాని తుడువరాదు. రబ్బరు ఊదుబుడ్డితో ధూళిని ఊదిన చాలును. కొంచెము ధూళి చూపును చెఱుపదు, తుడిచిన గీత చెఱుపును.

పూర్వవిద్యార్థుల సొమ్ముతో ఆఱంగుళముల డాబ్సన్ దూరదర్శినిని తెప్పించుటకు కమిటీవారు ఒప్పుకొనిరి. మిగిలిన దానితో రెండు జంట దుర్భిణులు కొందుము. పాతదానిని పాఱవేయలేదు. 4 మిల్లీమీటర్ల కటకమును, మూడు రెట్లు పెంచుదానిని బీరువాలో పెట్టి తాళము వేసితిమి. 20 మిల్లీమీటర్ల కటకము నొక్కదానినే ఉంచితిమి. 35 రెట్లు వచ్చును. ముక్కాలిపీటను తీసివేసి, మన వడ్రంగిచేత టేకు దుంగకాళ్లతో వేఱొక పీట చేయించితిమి. 2023 నవంబరులో దానితో ఆఱవ తరగతివారు శని వలయమును చూచిరి. ఒక్కొక్కరు చూచిన వెంటనే తరువాతి వారికి గ్రహమును మరల మధ్యకు తెచ్చు పనిని ఆ బాలికయే చేసెను.